చావింటి కథలు, పక్కింటి భాషల్లో



నవంబరు వచ్చిందంటే మన విచారణల్లో సమాధుల దగ్గర గడ్డి పీకించడం, సున్నం వేయించడం, పూలదండలు, కొవ్వొత్తులు కొనడం, చనిపోయిన పెద్దల పేర్లు చీటీ మీద రాసి పూజకు ఇవ్వడం మొదలవుతుంది. అలాంటి నెలలో సినిమాల గురించి పాఠం ఏమిటని మీరు అడగవచ్చు. చావు గురించి, ముఖ్యంగా చావు తర్వాత ఇంట్లో జరిగే తతంగం గురించి దాచకుండా చెప్పిన సినిమాలు మన దేశంలో కొన్ని ఉన్నాయి. అవి బొంబాయిలో తీసినవి కావు. ఒకటి కన్నడం, ఒకటి మలయాళం, రెండు మన తెలుగువే. ఈ వారం వాటిని కలిసి చదువుదాం. సినిమాను కూడా పుస్తకంలా చదవవచ్చు.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. బయటి దేశాలవారికి, మనలో చాలామందికి కూడా, భారతీయ సినిమా అంటే హిందీ సినిమా. తక్కినవన్నీ 'ప్రాంతీయ' సినిమాలు. చరిత్ర అలా లేదు. మాటలు నేర్చిన తొలి హిందీ చిత్రం 'ఆలం ఆరా' వచ్చిన 1931లోనే బెంగాలీ, తమిళ చిత్రాలూ వచ్చాయి. మన 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. 1953 చిత్రాలకుగాను మొట్టమొదటిసారి రాష్ట్రపతి స్వర్ణపతకం ఇచ్చినప్పుడు అది దక్కింది మరాఠీ చిత్రం 'శ్యామ్‌చీ ఆయీ'కి. రెండేళ్ళ తర్వాత సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' బెంగాలీలో వచ్చి ప్రపంచమంతా తిరిగింది. దక్షిణాది నుండి ఆ స్వర్ణపతకం మొదట అందుకున్నది రాము కరియాత్ మలయాళంలో తీసిన 'చెమ్మీన్' (1965). అందులో సముద్రాన్ని చిత్రించిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీ. మన 'మాయాబజార్'లో వెన్నెలను పట్టి చూపించినది ఆయనే. సంగీతం బెంగాలీ సలిల్ చౌదరిది, కథ తకళి శివశంకర పిళ్ళై నవలది. చూశారా, 'ప్రాంతీయ' సినిమా అన్న గోడకు ఎన్ని తలుపులున్నాయో!

మన పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు ఆదివారం పూజ నుండి వచ్చి, అన్నాలు తిని, దూరదర్శన్ పెడితే మధ్యాహ్నం ఏదో ఒక భాషా చిత్రం వచ్చేది. ఒక వారం ఒరియా, ఒక వారం అస్సామీ. అడుగున ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. సగం మంది అక్కడే కునుకు తీసేవారు, అది వేరే సంగతి. ఆ అలవాటు పోయింది. ఇప్పుడు ఓటీటీల పుణ్యమా అని అన్ని భాషలూ చేతిలోకి వచ్చాయి గాని, ఇంటిల్లిపాది కలిసి కూర్చుని చూసే అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

ఇక అసలు పాఠానికి వద్దాం. బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలుగులో ఒక చిత్రం తీశారు. పేరు 'ఒక ఊరి కథ'. మూలం ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' అనే కథ. కఫన్ అంటే శవం మీద కప్పే గుడ్డ. అంటే హిందీ కథను బెంగాలీవాడు తెలుగు పల్లెలో పెట్టి తెలుగువారితో చెప్పించాడన్న మాట. అందులో వెంకయ్య అనే తండ్రి, కిష్టయ్య అనే కొడుకు పనికి వెళ్ళరు. మనం చెమటోడిస్తే బాగుపడేది దొరే కదా, ఇక చేయడం ఎందుకని వెంకయ్య వాదన. కోడలు నీలమ్మ ఆ ఇంటికి వచ్చి ఒళ్ళు దాచుకోకుండా పని చేస్తుంది. చివరకు కాన్పు నొప్పులతో, చూసే దిక్కు లేక చనిపోతుంది. బ్రతికుండగా ఆమెకు మంత్రసానిని పిలవని వారు, చచ్చాక గుడ్డ కోసం ఊరంతా చేయి చాస్తారు. ఊరు కూడా ఇస్తుంది! ప్రేమ్‌చంద్ కథలో ఆ డబ్బుతో తండ్రీకొడుకులు తాగి తింటారు. బ్రతికున్నదానికి చింకి గుడ్డ దొరకలేదు, కాలిపోయే శవానికి కొత్త గుడ్డ కావాలా అన్న ప్రశ్న ఆ కథ గుండెకాయ. వారిద్దరినీ అసహ్యించుకోవడం తేలిక. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అయినా మన ఇళ్ళలో ఎంతమంది చూశారు?

కన్నడ చిత్రం 'తిథి' దీనికి పూర్తిగా వేరే తీరు. రామ్ రెడ్డి అనే యువకుడు మండ్య జిల్లా పల్లెలో, ముఖానికి ఎన్నడూ రంగు పూసుకోని ఊరి జనాన్నే పెట్టి తీశాడు. 2015లో స్విట్జర్లాండులోని లొకార్నో ఉత్సవంలో బహుమతులు గెలిచింది. ఊళ్ళో నూట ఒక్క ఏళ్ళ సెంచురీ గౌడ చనిపోతాడు. పదకొండో రోజు తిథి పెట్టి ఊరికి భోజనం పెట్టాలి. కొడుకు గడ్డప్పకు ఇల్లూ పొలమూ ఏదీ పట్టదు. గడ్డం పెంచుకుని, సీసా పట్టుకుని ఊరి చుట్టూ తిరుగుతుంటాడు. మనుమడు తమ్మణ్ణకు భూమి అమ్మాలని ఆత్రం. అందుకు తండ్రి సంతకం పెట్టడు. అయితే ఏం చేశాడో తెలుసా? బ్రతికున్న తండ్రికి లంచమిచ్చి మరణ ధ్రువపత్రం సంపాదించాడు! ముది మనుమడేమో గొర్రెల కాపరుల అమ్మాయి వెంట తిరుగుతున్నాడు. పోయినవాడి కోసం ఏడ్చే తీరిక ఎవరికీ లేదు. చూస్తున్నంతసేపూ నవ్వు వస్తుంది. కాసేపటికి, మన ఊళ్ళో ఫలానా వారింట్లో కూడా పాడె లేవకముందే పాసుపుస్తకాలు వెదికారు కదా అని గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోతుంది.

'బలగం' సంగతి మీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన ఆ తెలంగాణ కథను పల్లెల్లో తెరలు కట్టి మరీ వేశారు. కొమురయ్య పిండాన్ని కాకి ముట్టకపోవడం, నల్లి బొక్క దగ్గర మొదలైన మాటపట్టింపుతో ఏళ్ళ తరబడి అత్తింటి గడప తొక్కని అల్లుడు, చివర బుడగ జంగాల కళాకారుల పాటతో అందరూ కరిగిపోవడం. ఆ ఆచారం మనది కాకపోవచ్చు. ఆ పట్టింపు మాత్రం అచ్చంగా మనదే. పూజలో శాంతి చెప్పుకుని, గుడి మెట్లు దిగగానే ముఖం తిప్పుకునే అన్నదమ్ములు లేని విచారణ ఉందా? అయితే నా మట్టుకు ఒక మాట. 'బలగం' చివర్లో కన్నీళ్ళు అన్నిటినీ కడిగేస్తాయి. 'తిథి'లో ఎవరూ మారరు. రెండూ చూసినవారికి ఏది మన బ్రతుకుకు దగ్గరో తెలుస్తుంది. ఆ తేడాను పిల్లలతో మాట్లాడవచ్చు.

ఇప్పుడు నాలుగవది. ఇది నేరుగా మన కతోలికుల ఇంట్లోకే వచ్చిన కథ. 2018లో లిజో జోస్ పెల్లిస్సేరి తీసిన మలయాళ చిత్రం 'ఈ.మ.యౌ.'. ఈ మూడు అక్షరాలు 'ఈశో, మరియం, యౌసేప్' అనే పేర్ల తొలి అక్షరాలు. మనం 'జేసు, మరియ, జోజప్ప' అని చావు బ్రతుకుల్లో ఉన్నవారి చెవిలో చెబుతామే, అదే. కథ రాసినది పి.ఎఫ్. మాథ్యూస్. కొచ్చి దగ్గర చెల్లానం అనే సముద్రపు ఒడ్డు పల్లె. వావచ్చన్ అనే మేస్త్రి చాలా రోజుల తర్వాత ఒక బాతును చంకన పెట్టుకుని ఇంటికి వస్తాడు. కొడుకు ఈశితో కూర్చుని తాగుతూ, తన తండ్రి భూస్థాపన ఎంత వైభోగంగా జరిగిందో చెప్పుకుంటాడు. నీకు అంతకంటే ఘనంగా చేస్తానని కొడుకు మాట ఇస్తాడు. ఆ రాత్రే తండ్రి కుప్పకూలి ప్రాణం విడుస్తాడు.

అక్కడినుండి కథ పరుగెడుతుంది. పెట్టె మంచిది కావాలి, బ్యాండు కావాలి. చేతిలో డబ్బు లేదు. వార్డు మెంబరు అయ్యప్పన్, హిందువు, స్నేహితుడి కోసం రాత్రంతా తిరుగుతాడు. ఇంతలో ఒక పొరుగువాడు పుల్ల పెడతాడు: అది మామూలు చావు కాదట, పగలు ఎవరితోనో కొట్లాడాడట. మాట ఊరంతా పాకి విచారణ గురువుల చెవిన పడుతుంది. ఆయన భూస్థాపనకు ఒప్పుకోరు. పైన వాన. చివరకు పిచ్చెత్తినట్టు అయిన ఈశి, ఆ వానలో తన ఇంటి ముందే గొయ్యి తవ్వి తండ్రిని పూడ్చుకుంటాడు.

ఈ చిత్రం చూసి మనవారిలో కొందరు నొచ్చుకోవచ్చు, గురువులను చెడ్డగా చూపించారని. నా అభిప్రాయం వేరు. అనుమానాస్పద మృతి అన్నప్పుడు తొందరపడి పూడ్చవద్దని చెప్పడంలో ఆ గురువుల తప్పు లేదు. చట్టం కూడా అదే చెబుతుంది. తప్పు ఎక్కడంటే, ఆయన చూపు శవం మీది గాయం దగ్గర ఆగిపోయింది, ఏడుస్తున్న కొడుకు ముఖం దాకా రాలేదు. ఒక గంట ఆ వసారాలో కూర్చుని ఉంటే కథ మరోలా ఉండేది. ఊరి తప్పు కూడా తక్కువేమీ కాదు. గురువులకు ఆ మాట మోసినది మనలాంటి విచారణ జనమే కదా! ఇక ఈశి ఇచ్చిన మాట. అది ప్రేమే. కాని వెండి సిలువ, వాయిద్యాలు లేకపోతే తండ్రికి పరువు లేదనుకున్న ప్రేమ. మన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టె, టెంటు, నెల పూజ నాడు మాంసం భోజనాలు పెట్టి, ఆ అప్పు తీర్చడానికి పిల్లల ఫీజు ఆపిన ఇళ్ళు ఉన్నాయి. చర్చించాల్సింది ఇక్కడే.

సినిమా చూడటం మనకెందుకులే అనుకునేవారికి ఒక మాట. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఇచ్చిన సమాచార సాధనాల పత్రం సినిమాను పారవేయమనలేదు, తెలివిగా ఎంచుకుని చూడటం నేర్పమన్నది. కెనడా నుండి 1961లో మన దేశానికి వచ్చిన యేసుసభ గురువు గాస్టన్ రోబెర్జ్, దారిలో న్యూయార్కులో రాయ్ గారి అపు చిత్రాలు చూసి బెంగాలును ప్రేమించడం మొదలుపెట్టారు. కలకత్తాలో 1970లో 'చిత్రబాణి' అనే కేంద్రం పెట్టి సినిమా చదవడం ఎలాగో తరాల విద్యార్థులకు నేర్పారు. 2020లో అక్కడే కన్నుమూశారు.

ఎలా చూడాలి? భాష రాదన్న భయం వద్దు. అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలను చదివే పిల్లవాడిని నానమ్మ పక్కన కూర్చోబెట్టండి, చదివి తెలుగులో చెబుతుంటాడు. పది నిమిషాలకు నానమ్మే ముందుగా చెప్పేస్తుంది, చావిల్లు ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. మలయాళం, కన్నడం గొంతులు అలాగే విననివ్వండి. ఆ ఏడుపును అనువదిస్తే సగం పోతుంది. 'ఈ.మ.యౌ.'లోనూ 'తిథి'లోనూ తాగుడు, మోటు మాటలు ఉన్నాయి గనుక చిన్నపిల్లలను కూర్చోబెట్టకండి. పదిహేను దాటినవారు చూడవచ్చు. మొదట 'బలగం', తర్వాత 'తిథి', ఆపైన తక్కిన రెండూ చూస్తే బరువు మెల్లగా పెరుగుతుంది.

చూశాక వెంటనే లేచిపోవద్దు. దీపం వేసి, ఇంటి పెద్దవారిని ఒక్కటి అడగండి: "నాన్నా, నీ తర్వాత మేము ఏం చేయాలనుకుంటున్నావు? ఎక్కడ పెట్టాలి, ఎంత ఖర్చు వద్దు?" అని. అడగడానికి నోరు రాకపోతే ముందు మీ సంగతి మీరు చెప్పండి. వారు చెప్పినది ఒక కాగితం మీద రాసి, తారీఖు వేసి, బైబిలు గ్రంథంలో పెట్టుకోండి. అన్నదమ్ములందరికీ ఒక్కో నకలు ఇవ్వండి.