కళ్ళారా చూడనిదానికి ప్రమాణం

యాసర్ అరఫాత్‌ను ఎవరు చంపారు? 2004 నవంబరు 11న పారిస్ సమీపంలోని పెర్సీ సైనిక ఆసుపత్రిలో ఆయన కన్నుమూసిన నాటి నుంచి ఈ వాదన నడుస్తూనే ఉంది. నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగేటప్పుడు కూడా మనం దీని గురించి వాదించుకున్న రోజులున్నాయి. "ఇస్రాయీలే విషం పెట్టింది, ఇందులో సందేహమెందుకు?" అంటారు కొందరు. "సొంత మనుషులే పెట్టారు" అంటారు మరికొందరు. ఇరుపక్షాలవారూ దగ్గరుండి చూసినట్లే మాట్లాడతారు!

ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. 1997 సెప్టెంబరులో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో హమాస్ నాయకుడు ఖాలిద్ మషాల్ చెవి దగ్గర ఇస్రాయీల్ గూఢచారులు విషం చిమ్మారు. వారిలో ఇద్దరు పట్టుబడ్డారు. రాజు హుసైన్ పట్టుబట్టడంతో ఇస్రాయీల్ ప్రభుత్వమే విరుగుడు మందు ఇవ్వవలసి వచ్చింది. కనుక ప్రభుత్వాలు ఇలాంటి పనులు చేయవనేవారి మాటలో పస లేదు. అయితే ఒకచోట చేసినవాడే మరోచోటా చేశాడని దానంతటదే రుజువైపోతుందా?

అరఫాత్ మరణించినప్పుడు శవపరీక్ష జరగలేదు. ఆయన వాడిన బట్టలలో, వస్తువులలో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం ఆనవాళ్ళు ఉన్నాయని స్విట్జర్లాండ్ నిపుణులు 2012లో చెప్పారు. అదే ఏడాది నవంబరులో రామల్లాలో సమాధి తెరిచి నమూనాలు తీశారు. ఎముకల్లో పొలోనియం మామూలు కంటే కనీసం 18 రెట్లు ఎక్కువగా ఉందని, విషప్రయోగం జరిగిందన్న వాదనను ఇది 'ఒక మోస్తరుగా' బలపరుస్తోందని 2013లో స్విస్ నిపుణులు అన్నారు. సమాధి పరిసరాల్లోని రేడాన్ వాయువే ఇందుకు కారణమని ఫ్రెంచ్ నిపుణులు, మరణం సహజమైనదేనని రష్యా నిపుణులు తేల్చారు. పొలోనియం-210 ప్రతి 138 రోజులకు సగమైపోతుంది. ఎనిమిదేళ్ళలో అది 21 సార్లు సగమై, ఇరవై లక్షల వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. అంత తక్కువ పదార్థాన్ని చూసి పండితులు కూడా ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. 2015లో ఫ్రెంచ్ న్యాయమూర్తులు కేసు మూసేశారు. ఎవరు పెట్టారన్న మాట అటుంచితే, అసలు విషం పెట్టారా అన్నదే తేలలేదు.

ఇదే పొలోనియంతో 2006 నవంబరులో లండన్‌లో అలెగ్జాండర్ లిత్వినెంకో అనే రష్యా మాజీ గూఢచారి హత్యకు గురయ్యాడు. అక్కడ మాత్రం ఆధారాలు తాజాగా ఉండగానే దొరికాయి. టీ పాత్రలో, హోటలు గదుల్లో, విమానాల్లో రేడియోధార్మికత జాడలు బయటపడ్డాయి. పదేళ్ళ తర్వాత, 2016లో, విచారణాధికారి ఇద్దరు హంతకుల పేర్లు చెప్పారు. రష్యా అధ్యక్షుడి ఆమోదం గురించి మాత్రం 'బహుశా' అనే అన్నారు. ఈ 'బహుశా' అనే మాట మన నోట ఎంత అరుదుగా వస్తుందో!

దైవప్రవక్త (స) కాలంలోనూ ఇలాంటి కేసు ఒకటి వచ్చింది. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాల్లో అది ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ సహల్ (రజి) ఖైబర్‌లో హతుడై కనిపించారు. అప్పుడు ఖైబర్ యూదులతో సంధి ఉంది. మృతుని తమ్ముడు, బంధువులు మదీనా వచ్చి వారి మీదే నేరం మోపారు. మీలో యాభై మంది ప్రమాణం చేస్తారా అని ప్రవక్త (స) అడిగారు. మేము చూడలేదు, అక్కడ లేము, ఎలా ప్రమాణం చేస్తామని వారన్నారు. దుఃఖంలో, కోపంలో ఉండి కూడా వారు ఆ మాట అనగలిగారు. అయితే యూదులలో యాభై మంది ప్రమాణం చేసి నిర్దోషులవుతారని ప్రవక్త (స) చెబితే, వారి ప్రమాణాలను నమ్మలేమన్నారు.

ఈ 'ఖసామహ్' విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. బలమైన సూచన ఉండి వారసులు ప్రమాణం చేస్తే మరణశిక్ష కూడా ఉండవచ్చని ఇమామ్ మాలిక్ (రహ్మలై) అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దృష్టిలో ప్రమాణం చేయవలసింది ఆ చోటి ప్రజలే, రక్తపరిహారం చెల్లించవలసిందీ వారే.

ఆ రోజు ఖైబర్ వారిలో ఎవరికీ శిక్ష పడలేదు. అలాగని ఆ రక్తం వృథా పోవడం కూడా ప్రవక్త (స)కు ఇష్టం లేదు. ఆయన స్వయంగా వంద ఒంటెలను పరిహారంగా ఇప్పించారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సహల్ బిన్ అబీ హస్మ (రజి), ఆ ఒంటెల్లో ఒకటి తనను తన్నిందని కూడా చెప్పారు.