ధీ ఉన్నా ధృతి సడలినప్పుడు

ఇంటిలో ఒకరు అవసరం లేని వస్తువులను ఆగకుండా కొంటూ అప్పులపాలవుతున్నారనీ, తగిన వ్రతమో జపమో చెప్పమనీ అడిగే భక్తులు ఇటీవల ఎక్కువయ్యారు. సెల్‌ఫోనులో తెప్పించిన పార్సిళ్లు విప్పకుండానే మంచం కింద పడి ఉంటాయట. ఇంటివారు దీనికి పెట్టే పేరు లోభం. ఆ పేరు ఇక్కడ పొసగదు. లోభి చేతికి దక్కినదానిని విడువడు. వీరి వద్ద ధనమూ నిలవదు, కొన్న వస్తువు మీద ప్రీతీ నిలవదు.

చరక సంహిత ప్రజ్ఞాపరాధాన్ని రోగమూలంగా చెబుతూ ధీ, ధృతి, స్మృతి అనే మూడింటి భ్రంశాన్ని వేరువేరుగా వివరించింది. మేలుకీడులను ఉన్నవి ఉన్నట్టు ఎరిగేది ధీ. విషయాల వైపు పరుగెత్తే మనస్సును పట్టి నిలిపేది ధృతి. ఎరిగినది వేళకు జ్ఞప్తికి రావడం స్మృతి. ధీ చక్కగా ఉండి ధృతి ఒక్కటే సడలిన మనిషికి “ఇది తప్పు” అని నూరుసార్లు చెప్పినా ప్రయోజనం స్వల్పం. ఆ సంగతి అతనికి మనకన్నా ముందే తెలుసు. ఇష్టం లేకపోయినా ఎవరో బలవంతాన తోసినట్టు మనిషి తప్పు ఎందుకు చేస్తాడని అర్జునుడు గీత మూడవ అధ్యాయంలో అడిగినది ఇటువంటి స్థితిని గురించే.

అవధానం నిలవకపోవడం, తొందరపాటు, కుదురులేమి కలిసిన స్థితిని నేటి వైద్యులు ఏడీహెచ్‌డీ అంటున్నారు. ఇది బాల్యంలో మొదలై చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉంటుంది. పృచ్ఛకుల నడుమ అష్టావధానం చూసిన తెలుగువారికి అవధానం విలువ వేరే చెప్పనక్కరలేదు. అదుపులేని కొనుగోళ్లు ఇటువంటివారిలో ఎక్కువగా కనిపిస్తాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం నడకలోని తేడాకు దీనితో సంబంధం ఉందంటారు. దానిని ఆనంద రసాయనమని పిలవడం సగమే నిజం. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మీద పరీక్షలు చేశాడు. మొదట పండ్లరసం నోటికి అందినప్పుడు డోపమిన్ కణాలు చురుకయ్యాయి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని కోతి నేర్చుకున్నాక ఆ చురుకు సంకేతం వద్దకు జరిగింది, రసం వద్ద కనిపించలేదు. 1997లో ఈ విషయం విశదంగా ప్రచురితమైంది. పార్సిలు విప్పకుండా ఉండిపోవడానికి ఇదే కారణమేమోనని నాకు తోస్తుంది. ఎదురుచూపులోనే రసమంతా అయిపోతుంది.

పెద్ద వయస్సువారు తప్పక ఎరగవలసిన తార్కాణం ఇంకొకటి ఉంది. వణుకుడు జబ్బు అని మనం పిలిచే పార్కిన్సన్స్ వ్యాధిలో మెదడులో డోపమిన్ తగ్గుతుంది. దాని పనిని చేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడే కొందరికి, జీవితమంతా పొదుపుగా బ్రతికినవారికి సైతం, జూదం మీదా కొనుగోళ్ల మీదా పట్టరాని తహతహ పుడుతుంది. వైద్యుడు మోతాదు తగ్గించినా, మందు మార్చినా సాధారణంగా తగ్గుముఖం పడుతుంది. తాతగారి శీలం ఒక మాత్రతో చెడి, ఆ మాత్ర మారగానే బాగుపడిందనగలమా? అయితే వైద్యుని అడగకుండా ఆ మందు మానడం ప్రమాదం.

పూర్వం ధృతిలో కొంత భాగాన్ని ఊరే మోసేది. రామాపురం నుండి మంచి చీర కొనాలంటే బాపట్లకో తెనాలికో వెళ్లాలి. రేపల్లెవారు తెనాలి రైలు వేళకు కాచుకోవాలి. డబ్బు పెద్దల చేతిలో ఉండేది. కోరిక పుట్టడానికీ తీరడానికీ నడుమ నాలుగు రోజులు గడిచేవి, ఆలోగా సగం కోరికలు చల్లారేవి. 2016లో యూపీఐ వచ్చాక అర్ధరాత్రి మంచం మీదే చెల్లింపు ముగుస్తోంది. “ఇంకా రెండే మిగిలాయి” అని లేని కొరతను చూపి తొందరపెట్టడం మరొక తంత్రం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 మాయోపాయాల పట్టికలో ఈ బూటకపు తొందరే మొదటిది.

కనుక ఉపదేశం కన్నా ఎడం మేలు. ఫోనులో దాచిన కార్డు వివరాలు తీసివేయాలి. కొనదలచినదానిని పుస్తకంలో వ్రాసి మూడు రోజుల తరువాత చూడాలి. డబ్బును నమ్మకస్థుల చేతిలో ఉంచవచ్చును గాని అది ఆ మనిషి సమ్మతితోనే జరగాలి. అత్తగారు లాక్కుంటే అది చికిత్స కాదు, అవమానం. వ్రతం వద్దనను. భంగమైన వ్రతం మాత్రం అపరాధ భావాన్ని పెంచుతుంది, ఆ బాధను మరిపించుకోవడానికి మనస్సు మళ్లీ అంగడినే వెదుకుతుంది. ఎక్కువగా కొనేవారందరికీ ఏడీహెచ్‌డీ ఉందనుకోరాదు. నిద్ర లేకుండా రోజుల తరబడి అమితోత్సాహంతో ఖర్చు చేస్తుంటే అది వేరొక వ్యాధి కావచ్చు, ఆలస్యం తగదు. నిర్ణయించవలసినది మానసిక వైద్యుడే. 2022 అక్టోబరు నుండి నడుస్తున్న టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మరొక మాట, దేవస్థానంవారు అన్యథా భావించరని తలుస్తాను. ఈ తొందరకు లోబడినవారు హుండీ వద్ద కూడా ఆగలేరు. కుటుంబానికి బాధ కలగకుండానే తన సొత్తును దానం చేయాలని యాజ్ఞవల్క్య స్మృతి నియమించింది. అప్పుచేసి, ఇంటివారికి చెప్పక, ఆవేశంలో పెద్ద మొత్తం తెచ్చిన దాతకు వెంటనే రశీదు వ్రాయక, “రేపు మీ ఇంటివారితో కలిసి రండి” అని ఆదరంగా పంపడం కౌంటరు వద్ద కూర్చున్నవారి ధర్మం.