టీవీ సౌండ్ ఎవరి నిద్ర కోసం తగ్గుతోంది?

సమస్య



నేను ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వయసు 33. జీఎన్‌ఎం చదివాను. 2019లో ఏజెన్సీ ద్వారా అవుట్‌సోర్సింగ్‌లో చేరాను. కరోనా వచ్చిన రెండుసార్లూ ఇక్కడే డ్యూటీ చేశాను. నా జీతం కాగితం మీద 22,750. పీఎఫ్ పోను చేతికి ఇరవై వేలు వస్తుంది. అదీ నెలనెలా రాదు. మూడు నాలుగు నెలలది కలిపి ఒకేసారి వేస్తారు. ఏజెన్సీ వాళ్లను అడిగితే బడ్జెట్ రాలేదంటారు. ఆసుపత్రి ఆఫీసులో అడిగితే బిల్లు ట్రెజరీలో ఉందంటారు. పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటే కొన్ని నెలలు అసలు పడనే లేదు. జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్‌ఐ వర్తించదట. నాతోపాటు అదే వార్డులో, అవే ఇంజెక్షన్లు చేసే రెగ్యులర్ సిస్టర్‌కి నాకు రెండింతలకు పైనే వస్తుంది. ఆమె మీద నాకు కోపం లేదు. మంచి మనిషి.

మాకు మెడికల్ కాలేజీ వచ్చాక పడకలు పెరిగాయి, మేం పెరగలేదు. నైట్‌లో మెడికల్ వార్డులో నలభై మందికి ఇద్దరం ఉంటాం. ఎవరైనా సెలవు పెడితే ఒక్కదాన్నే. రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు డ్యూటీ. వార్డు అప్పగించి, కేస్ షీట్లు పూర్తిచేసి, బస్సెక్కి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పిల్లలను అత్తమ్మే తయారుచేసి బడికి పంపుతుంది, ఆ మాట చెప్పుకోవాలి. నేను వచ్చాక వంట, బట్టలు. పన్నెండింటికి పడుకుంటే మూడున్నరకు పిల్లలు వచ్చేస్తారు. మొన్న పప్పు పెట్టి కుక్కర్ ముందే గోడకానుకుని నిద్రపోయాను. విజిళ్లు వినపడలేదు, పప్పంతా మాడిపోయింది. పక్కింటావిడ అడిగితే మా అత్తమ్మ, "మా కోడలు పగలంతా పడుకుంటది" అని చెప్పింది.

నేను పడుకునేది హాల్లో. పై గది మా మరిదిది. అతను హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, అమెరికా టైముకు ఇంటి నుంచే రాత్రుళ్లు పనిచేస్తాడు. అతను పడుకున్నాడంటే అత్తమ్మ టీవీ సౌండ్ తగ్గిస్తుంది. అందుకని నాకూ కాస్త నిద్ర పడుతుంది.

ఇప్పుడు మా వాళ్లంతా బకాయి జీతాల కోసం కలెక్టరేట్ ముందు ధర్నా అంటున్నారు. మా ఆయన వద్దంటున్నారు. "ఏజెన్సీ వాడు తీసేస్తే ఏం చేస్తావు, పేపర్లో ఫొటో పడితే పరువేం కాను, అసలు జీతమే రాని ఉద్యోగం, మానెయ్యరాదూ" అంటారు. నాలుగు నెలల జీతం ఒకేసారి పడితే మాత్రం ఇంటి లోను కిస్తీలకే పోతుంది. ఒక ఫ్రెండు గల్ఫ్ వెళ్దాం రమ్మంటోంది. రెగ్యులర్ పోస్టుల పరీక్షకు చదువుదామంటే పుస్తకం తెరవగానే కళ్లు మూతలు పడుతున్నాయి. ధర్నాకు వెళ్లాలా, ఉద్యోగం మానేయాలా, మీరే చెప్పండి.

- ఒక స్టాఫ్ నర్సు

సలహా

అమ్మా,

జీతం గురించి ఇలాంటి ఉత్తరాలు నర్సుల నుంచి చాలానే వస్తాయి. మీదాంట్లో ఒక్క వాక్యం నన్ను కదలనివ్వలేదు. మరిది పడుకుంటే అత్తమ్మ టీవీ సౌండ్ తగ్గిస్తుంది, అందుకని మీకూ కాస్త నిద్ర పడుతుంది అని రాశారు. దాన్ని ఫిర్యాదుగా కూడా రాయలేదు మీరు. ఏదో మేలు జరిగినట్టు రాశారు. ఒకే ఇంట్లో ఇద్దరు రాత్రి పనిచేస్తున్నారు. ఒకరిది ఉద్యోగం, ఇంకొకరిది పగటి నిద్ర. మీకు నిజంగా అది కనిపించలేదా తల్లీ?

ముందు మీరడిగినవి చెప్పేస్తాను.

మానేయొద్దు. తెలంగాణలో 2024లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 పాయింట్లు పెట్టారు. ఆరు నెలల సర్వీసుకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. ఆ లెక్కన మీకు 20కి 20 వచ్చే సర్వీసు ఇప్పటికే ఉంది. ఇన్నేళ్లు జీతం సరిగా ఇవ్వని ఉద్యోగం మీకు మిగిల్చిన ఆస్తి అదొక్కటే. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేనాటికి అది చేతిలో ఉండాలి. ఎవరో ఒకరోజు అందరినీ పర్మనెంట్ చేస్తారని మాత్రం కూర్చోకండి. 2023లో ఇక్కడ 5,544 మందిని క్రమబద్ధీకరించినప్పుడు వాళ్లంతా కాంట్రాక్టు ఉద్యోగులు. ఏజెన్సీ ద్వారా వచ్చిన మీలాంటివాళ్లు ఆ జాబితాలో లేరు. గల్ఫ్ సంగతి పిల్లల చదువు, ఇంటి లోను చూసుకుని తీరికగా ఆలోచించుకోవచ్చు, దానికి తొందరేం లేదు.

ధర్నాకు వెళ్లండి. మీ ఆయన భయం ఉత్తదని నేననను. 2021 జులైలో కరోనా రెండో అల తగ్గీ తగ్గకముందే ఈ రాష్ట్రంలో పదహారు వందల మందికి పైగా అవుట్‌సోర్సింగ్ నర్సులను ఒక్కసారిగా తీసేశారు. అది చూసినవాళ్లకు భయం ఉంటుంది. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. సంఘం తరఫున ముందుగా సూపరింటెండెంట్‌కు నోటీసు ఇచ్చి, వార్డు ఖాళీ కాకుండా డ్యూటీలు సర్దుకుని వెళ్లండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచి ఉన్న నియమం. అంటే బడ్జెట్ రాలేదన్న మాటతో మీ ఆసుపత్రి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. పీఎఫ్ పడని నెలలను కాగితం మీద రాసి పీఎఫ్ ఆఫీసుకు విడిగా ఫిర్యాదు చేయండి. మీ జీతంలోంచి కోసుకున్నది మీ ఖాతాలో వేయకపోవడం ఆలస్యం కిందకు రాదు, నేరం కిందకు వస్తుంది. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు రెగ్యులర్ వాళ్ల స్కేలు కనీస వేతనం ఇవ్వాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పక్కన నిల్చునే సిస్టర్ స్కేలు 36,750తో మొదలవుతుంది. మీది 22,750. పేపర్లో ఫొటో పడితే పరువు పోవాల్సింది ఈ రెండు అంకెలకు సంతకం పెట్టినవాళ్లది, మీ ఇంటిది కాదని మీ ఆయనకు చెప్పండి.

ఇక ఆ టీవీ సంగతి.

మీరు పప్పు మాడిన విషయం సిగ్గుపడుతూ రాశారు. నేను చదువుతున్నంతసేపూ పప్పు గురించి ఆలోచించలేదు, మీ వార్డు గురించి ఆలోచించాను. పొద్దున పదింటికి కుక్కర్ ముందు నిల్చుని నిద్రపోయిన మనిషి రాత్రి మళ్లీ ఎనిమిదింటికి వార్డులోకి వెళుతుంది. అక్కడ షుగర్ పేషెంట్లు ఉంటారు. ఇన్సులిన్ 40 బలంలో ఒకటి, 100 బలంలో ఒకటి వస్తుంది. దేని సిరంజి దానికి వేరు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. తెల్లవారుజామున మసక లైటులో ఆ రెండు రంగులూ ఎంత దగ్గరగా కనిపిస్తాయో మీకు తెలుసు. 100 మందును ఎర్ర మూత సిరంజితో ఇరవై గీత దాకా లాగితే రోగి ఒంట్లోకి యాభై యూనిట్లు వెళతాయి. తెల్లారేసరికి ఆ మనిషికి స్పృహ ఉండదు. అప్పుడు మెమో ఎవరికి ఇస్తారు? అవుట్‌సోర్సింగ్ సిస్టర్‌కి. నలభై మందికి ఒక్కదాన్ని పెట్టినవాళ్ల పేరు ఆ మెమోలో ఉండదు. మూడు నాలుగు గంటల నిద్రతో పంపిన ఇంటి పేరూ ఉండదు.

బోధనాసుపత్రిలో మూడు పడకలకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. షిఫ్టుల వారీగా చూస్తే తొమ్మిది మందికి ఒకరు. సెలవుల కోసం ఇంకో 30 శాతం అదనం. మీ నలభై మందికి ప్రతి రాత్రీ నలుగురైదుగురు ఉండాలన్నమాట. కాలేజీకి బోర్డు మార్చారు, పడకలు వేశారు, మనుషులను వేయలేదు. ఆ లేని ఇద్దరు ముగ్గురి పని మీ వీపు మీద, మీ నిద్ర మీద నడుస్తోంది. అందుకే అంటున్నాను, కలెక్టరేట్‌కు తీసుకెళ్లే కాగితంలో బకాయిలతోపాటు ఈ లెక్క కూడా రాయండి. జీతం గురించి అడిగితే బయటివాళ్లకు మీ గొడవలా కనిపిస్తుంది. వార్డులో ఎంతమందికి ఎంతమంది ఉన్నారో చెబితే అది ఆ జిల్లాలో ప్రతి ఇంటి గొడవ అవుతుంది.

ప్రభుత్వం నాలుగు నెలలు జీతం ఆపగలుగుతోంది ఎందుకంటే ఆ నాలుగు నెలలూ మిమ్మల్ని ఎవరో పోషిస్తారని దానికి తెలుసు. నర్సు ఉద్యోగం చేసేది ఆడవాళ్లు, వాళ్లకు ఇంట్లో మొగుడి సంపాదన ఉంటుంది, నెల ఆలస్యమైతే కొంపేమీ మునగదు అన్న లెక్క ఎక్కడా రాసి ఉండదు, కానీ పని అలాగే జరుగుతుంది. మీ ఇంట్లోనూ అదే లెక్క. జీతం రాని నెలల్లో "జీతమే రాని ఉద్యోగం". పడిన రోజున ఇంటి లోను కిస్తీ. ఆ డబ్బు లేకపోతే మీ ఇల్లు బ్యాంకు దగ్గర ఏమయ్యేదో మీ ఆయన్ని ఒకసారి కాగితం తీసి లెక్కవేయమనండి. ఇల్లు నిలబెట్టే జీతాన్ని అదనపు సంపాదన అని పిలవడం మన ఇళ్లలో ఎంత అలవాటైపోయిందో! వీధిలో ఎవరికి బీపీ చూడాలన్నా, డాక్టరు రాసిన ఇంజెక్షన్ చేయాలన్నా మీ గుమ్మంలోకే వస్తారు, నాకు తెలుసు. అప్పుడు మీరు చదువుకున్న సిస్టర్. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి కన్ను మూస్తే పగలంతా పడుకునే కోడలు.

మీ అత్తమ్మ చెడ్డమనిషని నేననను. పిల్లలను తయారుచేసి బడికి పంపే మనిషిని ఆ మాట అంటే పాపం. నిద్ర విలువ ఆమెకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే చిన్నకొడుకు కోసం రిమోట్ అందుకుంది. మన ఇళ్లలో మగపిల్లాడి నిద్రను పుట్టినప్పటి నుంచీ కాపాడతారు. పరీక్షలకు చదివి పడుకున్నాడని, బస్సు ప్రయాణం చేసి వచ్చాడని, ఇప్పుడు అమెరికా వాళ్లతో మాట్లాడి అలసిపోయాడని చప్పుడు చేయనివ్వరు. కోడలు పగలు నడుం వాలిస్తే మాత్రం ఎంతసేపు వాల్చిందో ఇంటిల్లిపాదికీ లెక్క ఉంటుంది. బహుశా మీ అత్తమ్మ నిద్రను ఆమె అత్త కూడా అలాగే లెక్కపెట్టి ఉంటుంది. రాత్రి బందోబస్తుకు వెళ్లే మహిళా కానిస్టేబుల్ ఇంట్లో ఇదే, ప్రసూతి వార్డులో నైట్ చేసే ఆయమ్మ ఇంట్లోనూ ఇదే. రాత్రంతా పరాయివాళ్ల ప్రాణాలు చూసి వచ్చిన ఆడమనిషికి పగలు ఒక చీకటి గది దొరకని ఇళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నాయి. వీటిలో చాలావరకు చదువుకున్నవాళ్ల ఇళ్లే.

మీ మీద కూడా కోపంగానే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా "నాకు గది కావాలి" అని నోరు తెరిచి అడిగారా? మరిది నిద్రలోంచి రాలిపడిన నిశ్శబ్దంతో సరిపెట్టుకుంటారా? అడగకుండా ఎవరూ ఇవ్వరు, ట్రెజరీ అయినా, అత్తమ్మ అయినా. ధర్నాలో మైకు ముందు అడగగలిగినది హాల్లో ఎందుకు అడగలేరు?

మళ్లీ నైట్స్ మొదలయ్యేలోపు మీ ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడండి. అత్తమ్మతో ఈ మాట మీరు చెబితే కోడలి పితూరీ అవుతుంది, కాబట్టి ఆయనే చెప్పాలి. నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున వంట ఆయన చేస్తారో, అత్తమ్మా ఆయనా పంచుకుంటారో వాళ్ల ఇష్టం, మీరు మాత్రం పొయ్యి దగ్గరకు వెళ్లరు. వచ్చి తిని పడుకుంటారు. పది నుంచి మూడున్నర వరకు ఒక తలుపు ఉన్న గది మీది. మరిదికి కూడా రాత్రి డ్యూటీ అంటే ఏమిటో తెలుసు కదా, ఆ వారం అతను హాల్లో పడుకుంటే కంపెనీ ఏమీ మూతపడదు. అతనితో నేరుగా మాట్లాడి చూడండి, ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకునేది బహుశా అతనే. నైట్స్ లేని వారాల్లో రోజుకు రెండు గంటలు పిల్లలు మీ దగ్గరకు రాకూడదు, ఆ రెండు గంటలూ పరీక్షకు. పుస్తకం తెరవగానే కళ్లు మూతలు పడటానికి మందు నిద్రే. ఆరు గంటలు పడుకున్న వారంలో చదివి చూడండి, మీ బుర్ర ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు వచ్చే బకాయి డబ్బులో కిస్తీకి ఇచ్చేముందు, వంటకు మనిషిని పెట్టుకోవడానికి కావలసినంత పక్కన పెట్టండి. అది మీ జీతం. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సర్వీస్ సర్టిఫికెట్ పని మాత్రం ఈ వారంలోనే మొదలుపెట్టండి. 2019 నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేశారో, మధ్యలో ఏజెన్సీ మారి ఉంటే ఆ తేదీలతో సహా రాసి, చేరినప్పటి ఆర్డరు, హాజరు రిజిస్టరు, బ్యాంకులో జీతం పడిన వివరాలు జతచేసి సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక ఆ కిటికీ దగ్గర వందమంది నిలబడతారు, గుమస్తా సెలవులో ఉంటాడు.