రాణీగారు ఆలస్యంగా వచ్చారు

చెల్లెమ్మా, మొన్న అటక సర్దుతుంటే మా పెద్దమ్మ పేక దొరికింది. బిస్కెట్ల డబ్బాలో, గుడ్డ చుట్టి భద్రంగా పెట్టుంది. మా ఇంట్లో ఆడవాళ్లు పేక పట్టేది ఏడాదికి ఒక్క రాత్రే, శివరాత్రికి. భజన పదకొండింటికల్లా ముగిసేది. ఆ పైన నిద్ర ఆపుకోవాలంటే పేకే దిక్కు. వరండాలో బొంత పరిచి, పెద్దమ్మ పదమూడేసి ముక్కలు పంచుతుంటే చూడాలి! ఏడాదంతా పప్పులో రాళ్లు ఏరిన చేతులేనా అవి అనిపించేది.

ఆ పేకలో కళావరు ఏడు ఎప్పుడో పోయింది. ఎవరిదో శుభలేఖ కత్తిరించి, మా బాబాయి బాల్‌పెన్నుతో 7 వేసి, పక్కన మూడాకులు గీశాడు. అంచుకి పసుపు మరక ఇంకా అలాగే ఉంది. ఆ ముక్క ఎవరి చేతిలో పడితే వాళ్ల గుట్టు బొంతంతా రట్టయినట్టే.

మా మేనకోడలు ముక్కలన్నీ పరుచుకుని చూసి, "అత్తా, రాణి రాజు కంటే ఎందుకు తక్కువ?" అంది. పదేళ్ల పిల్ల. నేను నీళ్లు నమిలాను. తర్వాత కూర్చుని నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆవిడకి ఆ చోటు దొరకడమే గగనమైందని.

ఐరోపాకి పేక చేరింది 1370ల్లో, మమ్లూకులు ఏలిన ఈజిప్టు వైపు నుంచి. ఆ ముక్కలు కొన్ని ఇస్తాంబుల్‌లోని టోప్‌కాపీ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అందులోనూ నాలుగు రంగులే: గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు. బొమ్మముక్కల హోదాలు మూడు: రాజు, ఉపరాజు, ఆ ఉపరాజుకి కింద ఇంకో ఉపరాజు. ఆఫీసులో బాసుల వరస లాగుంది కదూ! జర్మనీవాళ్లు రాజు కింద ఇద్దరు బంట్లని పెట్టుకున్నారు, స్పెయిన్‌వాళ్లు గుర్రపురౌతుని, నౌకరుని పెట్టుకున్నారు. వాళ్ల సంప్రదాయపు పేకల్లో ఈనాటికీ రాణి లేదు. రాజు పక్కన రాణిని కూర్చోబెట్టి మనందరికీ పంపింది ఫ్రెంచివాళ్ల పేక. వాళ్లు బొమ్మలకి పేర్లు కూడా పెట్టారు. ఆఠీను రాణి పేరు జూడిత్. శత్రు సేనాపతి గుడారంలోకి వెళ్లి, అతని తల నరికి తెచ్చిన బైబిలు కథలోని మనిషి. చేతిలో పువ్వు పట్టుకుని అమాయకంగా చూస్తుందే, ఆవిడే!

మరి మన గంజిఫా మాటో? గుండ్రటి ముక్కలు, చేత్తో రంగులద్దినవి. బాబరు 1527లో సింధులో ఉన్న స్నేహితుడికి గంజిఫా పంపానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మొఘలుల పేకలో 96 ముక్కలైతే, దశావతార గంజిఫాలో 120. అవతారానికి పన్నెండు: ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. పగలు ఆడితే రాముడున్నవాళ్లు ఆట మొదలెట్టాలి, దీపాలు పెట్టాక ఆడితే కృష్ణుడున్నవాళ్లు. ఎంత ముచ్చటైన నియమమో! బొమ్మల పనికి పేరుపడ్డ మన నిర్మల్ చిత్రకారులూ ఒకప్పుడు ఈ ముక్కలు వేసినవాళ్లే. అన్నీ బాగానే ఉన్నాయి కానీ, పది అవతారాలకీ పదిమంది మంత్రులున్నారు, రాణి హోదా ఉన్న ముక్క మాత్రం ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి విను, ఇది నాకు భలే నచ్చింది. కళావరు, ఆఠీను అని రోజూ అంటామే, అవి ఎక్కడి మాటలనుకున్నావు? డచ్చివాళ్లవి. 1600ల మొదట్లో బందరులో కోఠీ పెట్టి కలంకారీ బట్టలు కొనుక్కుపోయారు చూడు, వాళ్ల భాషలో హృదయాలు హార్టెన్, మూడాకుల గడ్డిమొక్క క్లావర్. ఇంగ్లీషువాళ్లు ఆ మూడాకుల బొమ్మనే పట్టుకుని క్లబ్, అంటే దుడ్డుకర్ర అంటారు. పాత పేకలోని కర్ర పేరు కొత్త బొమ్మకి తగిలించేశారు. ఆకుని ఆకన్నది మనమే! స్పేడ్ అన్నా పార కాదు, ఇటలీవాళ్ల స్పాదా, అంటే కత్తి. బట్టల వర్తకులు ఎప్పుడో వెళ్లిపోయారు, వాళ్ల మాటలు మన బొంత మీద మిగిలాయి.

ఆ ఇస్పేటు ఆసు ఒక్కటే అంత పెద్దగా, నగిషీలతో ఎందుకుంటుందో తెలుసా? ఇంగ్లండులో ఆన్ రాణి 1711లో పేక మీద పన్ను పెంచింది. తర్వాత్తర్వాత పన్ను ఎగ్గొట్టకుండా ఇస్పేటు ఆసుని సర్కారు స్టాంపుల ఆఫీసే అచ్చువేసి ఇచ్చేది. దొంగ ఆసులు చేయించినందుకు 1805లో రిచర్డ్ హార్డింగ్ అనే వ్యాపారిని ఉరి తీశారు. ఒక్క పేకముక్కకి! ఆ పన్ను 1960 దాకా పోలేదు.

ముక్కల సంగతి అయింది, ఇక ఆటల సంగతి. పోకరుంది చూడు, అది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ రేవులో, మిసిసిపీ పడవల మీద పెరిగిన ఆట. మొదట్లో ఇరవై ముక్కలే: ఆసు, రాజు, రాణి, జాకీ, పది. నలుగురు కూర్చుంటే తలా ఐదు, పేక ఖాళీ. ఇప్పుడు యాభై రెండు ముక్కల్లోంచి ఐదు తీస్తే 25,98,960 రకాల చేతులు పడొచ్చు. అందులో అన్నిటికంటే పెద్దది, ఒకే రంగులో పది నుంచి ఆసు దాకా వరసగా వచ్చేది, నాలుగే నాలుగు.

అయితే పోకరు గుట్టు ముక్కల్లో లేదు. మన రమ్మీలో షో చెప్పాక చెయ్యి పరచక తప్పదు. పోకరులో ఎదుటివాళ్లంతా జడిసి ముక్కలు పడేస్తే, నీ చేతిలో చెత్త ఉన్నా డబ్బు నీదే, ముక్కలు చూపించక్కర్లేదు. లోపల ఏముందో మొహంలో తెలియనివ్వకూడదు, అంతే. అత్తారింట్లో మొదటి ఏడాది గడిపిన కోడలికి ఇది కొత్తగా ఎవరైనా నేర్పాలా?

నేర్పకుండానే ఈ విద్య వచ్చిన ఒకావిడ ఉంది. అలిస్ ఐవర్స్, ఇంగ్లండులో పుట్టి అమెరికా గనుల ఊళ్లకి చేరింది. భర్త గని ప్రమాదంలో పోయాడు. పొట్టకూటికి పేకబల్ల దగ్గర కూర్చుంది, నోట్లో చుట్టతో. ఆదివారం మాత్రం ముక్క ముట్టేది కాదట. జనం ఆవిడని పోకర్ అలిస్ అనే పిలిచారు. లాస్‌వెగాస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోకరు పోటీ 1970లో మొదలైతే, దాని పెద్ద ఆటలో ఆఖరి బల్ల దాకా వచ్చిన మొదటి ఆడమనిషి బార్బరా ఎన్‌రైట్, అదీ 1995లో. ఐదో స్థానం. చేతిలో జత ఎనిమిదులు పెట్టుకుని, ఆరు, మూడు పట్టుకున్నవాడి చేతిలో ఓడింది. పాపం అనిపించింది నాకు. ఆ బల్ల దాకా ఇంకో స్త్రీ రావడానికి మళ్లీ ముప్పై ఏళ్లు పట్టింది: 2025లో స్పెయిన్ అమ్మాయి లియో మార్గెట్స్. రాణి లేని పేకతో ఆడే దేశం నుంచే!

మన దగ్గర పేక పట్టిన ఆడది అనగానే కన్యాశుల్కం నాటకంలో వేశ్య మధురవాణే గుర్తొస్తుంది. సంసారులకి శివరాత్రి చాలన్నారు పెద్దలు. మగవాళ్లకి క్లబ్బులు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద పోలీసులు పడ్డ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పున్న ఆటేనని 1967లో తీర్పొచ్చింది. మూడుముక్కలాట అలాంటిది కాదనీ అంది కోర్టు. నేర్పు సరే, నెత్తిన తువ్వాలేసుకుని తెల్లారి ఇంటికొచ్చిన నేర్పరులని మా వీధిలోనే ఇద్దరిని చూశాను. ఫోన్లలోకి వచ్చాక ఆ తువ్వాలు కూడా అక్కర్లేకపోయింది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ 2025లో కేంద్రం అడ్డుకట్ట వేసింది. ఈ విషయంలో మాత్రం నేను పోలీసుల పక్షమే.

మేనకోడలికి ఇదంతా చెప్పాను. సగం విన్నది. ఆఠీను రాజుకి మీసం లేదనీ, కత్తి తన తలలోకే దిగేట్టు పట్టుకున్నాడనీ తనే కనిపెట్టి నాకు చూపించింది. "ఇలాంటివాడి కింద ఆవిడెందుకుండాలి, మన ఆటలో రాణే పెద్ద" అంది. సరే కానీ, అని ముక్కలు కలిపి పంచాను. మొదటి ఆటలోనే శుభలేఖ ముక్క నా చేతికొచ్చింది. అది చూసి పిల్ల ఒకటే నవ్వు.