పాత రాగి కాణీ: చిత్రమును చూచి రంగును, తరగతిని నిర్ణయించు విధము

పాత గోడ పడగొట్టినప్పుడో, అమ్మమ్మ నాటి భోషాణము సర్దినప్పుడో నాలుగు రాగి కాణీలు బయటపడుట మన గ్రామములలో వింత కాదు. వాని చిత్రమును సెల్‌ఫోనులో తీసి పట్టణమునకు పంపి, "దీని వెల యెంత?" అని అడుగువారు ఇటీవల పెరిగినారు. అడుగుటలో తప్పు లేదు. కాని చిత్రము దేనిని చూపగలదో, దేనిని చూపలేదో తెలిసికొనక అడిగినవారు నష్టపడుచున్నారు.

1835లో ఈస్టిండియా కంపెనీ ప్రవేశపెట్టిన పావు అణాను ఉదాహరణముగా గైకొందము. కంపెనీ తన యేలుబడి అంతటికిని ఒకే తీరు నాణెములను ఏర్పరచినది ఆ యేటనే. పావు అణా తూకము 100 గ్రెయినులు, అనగా సుమారు 6.5 గ్రాములు. ఒక ప్రక్క సింహములు పట్టిన కంపెనీ చిహ్నమును, సంవత్సరమును ఉండును. రెండవ ప్రక్క ఆకుల దండ నడుమ ఇంగ్లీషునను, పారశీకమునను నాణెము విలువ ఉండును.

నాణెము తరగతి అనగా ముఖ్యముగా దాని అరుగుదల. చేతులు మారుకొలది ముందుగా అరుగునవి ఉబ్బెత్తుగా నున్న భాగములు. కంపెనీ కాణీపై సింహముల శరీరమును, చిహ్నము క్రింది పట్టీపై గల సన్నని అక్షరములను చూడవలెను. 1862 నుండి వచ్చిన విక్టోరియా రాణి కాణీలపై ఆమె చెవిమీది జుట్టు పోగులను చూడవలెను. పోగులు విడివిడిగా కనబడినచో మంచి తరగతి. నున్నగా ఒకే ముద్దవలె నున్నచో నాణెము చాల చేతులు మారినదని అర్థము. ఇంతవరకు మంచి చిత్రము నమ్మదగినదే. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ అను నాతడు ఆ దేశపు పాత రాగి సెంట్ల కొరకు 1 మొదలు 70 వరకు అంకెల కొలత నొకదానిని ఏర్పరచెను. నేడు అన్ని లోహముల నాణెములకును దానినే వాడుచున్నారు. 60, ఆపైన అంకె వచ్చినది చలామణిలో అరగని నాణెము.

రంగు విషయమున మాత్రము చిత్రము మనలను మోసగించును. టంకశాల నుండి వచ్చిన రాగి ఎర్రగా మెరయును. గాలి తగిలిన కొలది గోధుమ వన్నెకు తిరుగును. మొదటి ఎరుపు నూటికి 95 పాళ్లకు తగ్గకుండ నిలిచినదానిని ఎరుపు నాణెమనియు, 5 పాళ్లకన్న తక్కువ మిగిలినదానిని గోధుమ నాణెమనియు, నడుమ నున్నదానిని ఎరుపు గోధుమ అనియు విభజింతురు. పసుపు వెలుగు నిచ్చు దీపము క్రింద చిత్రము తీసినచో గోధుమ నాణెము సైతము ఎర్రగా కనబడును. సెల్‌ఫోను తనంతట తాను రంగులను దిద్దుట మరియొక చిక్కు. కావున నాణెము ప్రక్కన తెల్ల కాగితము నుంచి చిత్రము తీయవలెను. చిత్రములో కాగితము పసుపుగా నున్నచో నాణెము రంగును నమ్మరాదు. పగటివేళ వసారా నీడలో తీసిన చిత్రము మేలు. నాణెమును కొంచెము వంచి రెండవ చిత్రమును కూడ తీయవలెను. అరగని నాణెము మీది మెరుపు బండిచక్రపు ఆకులవలె తిరుగును. ఒక్క చిత్రములో ఆ కదలిక తెలియదు.

ఒక రైతు మాకు చూపిన చిత్రములోని కాణీ నిగనిగలాడు ఎరుపు. అరుదైన నాణెమే అనుకొంటిమి. మరునాడు నాణెమును చేతికి తీసికొని చూడగా ఆ ఎరుపులో జీవము లేదు. అక్షరముల మూలలందు నలుపు, మిగిలిన చోటనెల్ల ఒకే తీరు గులాబి ఛాయ. "చెంబు తోమినట్లు చింతపండుతో తోమితిమండీ, శుభ్రముగా ఉండవలెనని," అని ఆ పెద్దాయన చెప్పెను. పులుపు ఏండ్ల తరబడి ఏర్పడిన పొరను తినివేసినది. తోమిన రాగి మరల నల్లబడునే గాని పాత వన్నె రాదు. తోమకున్నచో దానికి మంచి ధరయే పలికెడిది. ఆయనకు ఆ మాట చెప్పుట మాకు కష్టమైనది.

ఆకుపచ్చ మచ్చలు కూడ రెండు తీరులుగా నుండును. గట్టిగా అంటుకొని ముదురు రంగులో నున్న పొర హాని చేయదు. లేత పచ్చని పొడి మాత్రము ఉప్పు, తేమ కలిసి రాగిని తినుచున్న గుర్తు. చిత్రములో రెండును ఒకటిగానే తోచవచ్చును. పుల్లతో మెల్లగా తాకినచో పొడి రాలును. అట్టి నాణెమును వేరుచేసి పొడిచోట నుంచవలెను.

చిత్రము చెప్పలేనిది తూకము. 1906లో పావు అణాకు రాగి బదులు కంచు వాడి, తూకమును 75 గ్రెయినులకు తగ్గించిరి. ఆ సంవత్సరము గల కాణీలు రెండు లోహములలోను ఉన్నవి. కంసాలి త్రాసులో తూచినచో తేడా తెలిసిపోవును. పోతపోసిన నకిలీల అంచున అతుకు గీత కనబడవచ్చును గనుక అంచును కూడ చిత్రము తీయవలెను. రామ పట్టాభిషేకపు బొమ్మయు 1818 తేదియు గల "హాఫ్ అణా" బిళ్లలు ఎంత స్పష్టముగా నున్నను కంపెనీ నాణెములు కావు.

చిత్రము చూచినంతనే లక్షల ధర చెప్పి, ముందుగా రుసుమో పన్నో కట్టుమనువారు కలరు. పాత నాణెముల వ్యవహారములలో తాము రుసుము గాని కమీషను గాని అడుగుట లేదనియు, తమ పేర ఎవరికిని అధికార మీయలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. ఇక నాణెములు పెట్టెలో గాక భూమిలో దొరకినచో, వాని విలువ పది రూపాయలు మించినప్పుడు కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము విధించుచున్నది. చిత్రము తీయుట, వెల అడుగుట ఆ తరువాతి పనులు.