బ్యాకెండ్ నుంచి ఫ్రంటెండ్‌కి రెస్పాన్స్ ఎలా పంపాలి? ధాన్యం టోకెన్ ఉదాహరణతో

వరి కోతల టైమ్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం మనకి తెలిసిందే. రద్దీ తగ్గించడానికి రైతులకు టోకెన్లు ఇచ్చిన సీజన్లూ ఉన్నాయి. ఆ టోకెన్ ఫోన్‌లోనే ఇచ్చే వెబ్‌సైట్ మనం తయారుచేస్తున్నాం అనుకుందాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అని మూడు సెంటర్లు. రైతు సెంటర్, తేదీ సెలెక్ట్ చేసి బటన్ నొక్కుతాడు. ఇప్పుడు సర్వర్ ఏం జవాబు చెప్పాలి?

రెస్పాన్స్‌లో ఏముంటాయి?

మూడు ఉంటాయి: స్టేటస్ కోడ్, హెడర్స్, బాడీ. బాడీలో టోకెన్ నంబర్, తేదీ లాంటి డేటాని జేసన్ రూపంలో పంపుతాం. అది జేసన్ అని బ్రౌజర్‌కి చెప్పేది కంటెంట్ టైప్ హెడర్. నోడ్ జేఎస్‌లో ఎక్స్‌ప్రెస్ వాడితే, జేసన్ ఫంక్షన్ ఆ హెడర్‌ని తనే పెట్టేస్తుంది. స్టేటస్ కోడ్ మాత్రం మనమే చూసి పెట్టాలి.

ఏ కోడ్ ఎప్పుడు?

- 201: టోకెన్ బుక్ అయింది
- 400: రైతు తేదీ ఇవ్వలేదు
- 409: ఆ రోజు స్లాట్లు నిండిపోయాయి
- 500: సర్వర్‌లోనే ప్రాబ్లమ్

చాలామంది అన్నిటికీ 200 పంపి, ఎర్రర్ మెసేజ్‌ని బాడీలో పెడతారు. ఫ్రంటెండ్ 200 చూసి గ్రీన్ టిక్ చూపించిందంటే, రైతు కిరాయికి ట్రాక్టర్ మాట్లాడుకుని వడ్లు లోడ్ చేసి బయల్దేరతాడు. అక్కడికి వెళ్లాక టోకెన్ లేదంటే ఆ కిరాయి ఎవరిస్తారు?

ఫ్రంటెండ్‌లో ఏం చూడాలి?

ఫెచ్ వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: 409, 500 వచ్చినా ఫెచ్ క్యాచ్‌లోకి వెళ్లదు. నెట్‌వర్క్ ఫెయిల్ అయితేనే వెళ్తుంది. అందుకే రెస్పాన్స్‌లో ‘ఓకే’ విలువ ట్రూనా కాదా చెక్ చేశాకే టిక్ చూపించండి. 200 నుంచి 299 వరకే అది ట్రూ.

సిగ్నల్ పోతే?

సర్వర్‌లో టోకెన్ సేవ్ అయ్యాక, రెస్పాన్స్ ఫోన్‌కి చేరేలోపే సిగ్నల్ పోవచ్చు. రైతు మళ్లీ నొక్కితే రెండో టోకెన్ పడుతుంది, ఇంకొకరి స్లాట్ పోతుంది. కాబట్టి ప్రతి బుకింగ్‌కి ఫ్రంటెండ్ నుంచి ఒక ఐడీ పంపండి. అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ పాత టోకెన్‌నే తిరిగి ఇవ్వాలి.

చివరగా ఒక టెస్ట్: ఒకే స్లాట్ మిగిల్చి, రెండు ఫోన్లలో ఒకేసారి నొక్కండి. ఒకదానికి 201, రెండోదానికి 409 రావాలి. రెండిటికీ 201 వస్తే సైట్ అప్పుడే లైవ్‌లో పెట్టకండి. స్లాట్ ఉందో లేదో చూడటం, బుక్ చేయడం రెండూ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో, ఆ స్లాట్‌ని లాక్ చేసి జరగాలి.