తెనాలి పిల్లి, ముల్లాగారి పిల్లి

తెనాలిలో చదువుకొను విద్యార్థికి హాస్యము వేరుగా నేర్పనక్కరలేదని అందరును అనుకొందురు. ఊరి పేరే ఆ భారమును మోయుచున్నది. బాపట్ల నుండియు, రేపల్లె నుండియు రైలులో వచ్చు మన మిత్రులకును ఈ కీర్తిలో కొంత వాటా దక్కుచున్నది. అయితే నవ్వులన్నియు ఒక జాతివి కావు. ఎదుటివాని మాటను తూచి, కొలిచి, దానిని పర్యవసానము వరకు నడిపించి నవ్వించు హాస్యమొకటి కలదు. దానిని శాస్త్రదృష్టి గల హాస్యమనవచ్చును. దానిని పరిశీలించుటకు మన తెలుగు ఇండ్లలో ఒక పిల్లియు, ఉర్దూ ఇండ్లలో ఒక పిల్లియు సిద్ధముగా నున్నవి.

మొదటిది తెనాలి రామకృష్ణుని పిల్లి. (పాండురంగ మాహాత్మ్యము రచించిన కవియు, కథలలోని వికటకవియు ఒక్కరేనా యను చర్చను పండితులకు వదలుదము.) ఎలుకల బాధ తీర్చుటకై రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దాని పాలకొరకు ఒక ఆవును ఇచ్చిరట. రామకృష్ణుడు మొదటిరోజుననే పిల్లి ముందు మరుగుచున్న పాలు పెట్టెను. మూతి కాలిన పిల్లి ఆపై పాలగిన్నెను చూచినంతనే పరుగెత్తెను. ఆవు పాలు రామకృష్ణుని ఇంటివారికి మిగిలెను. పరీక్షాదినమున సభలో గిన్నె పెట్టగా పిల్లి పారిపోయెను. ఇది పాలు గిట్టని పిల్లియని సభ నమ్మెను.

ఇచ్చట నవ్వి ఊరకుండరాదు. సభవారు చూచినది సత్యమే, పిల్లి నిజముగానే పారిపోయినది. వారు పొరబడినది కారణము విషయమున. 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలకు ఒక శబ్దము వినిపించి వెంటనే ఆహారము పెట్టుచుండగా, కొంతకాలమునకు ఆ శబ్దమునకే వానికి నోరూరెను. మన పిల్లికి నోరూరుటకు బదులు కాళ్ళు లేచినవి, అంతే భేదము. తక్కిన పిల్లులన్నియు పాలు త్రాగి బలిసియుండగా, ఇదొక్కటి పెరిగిన తీరులో భేదమేమి అని ఒక్కరు అడిగియుండినచో గుట్టు బయటపడెడిది.

రెండవది ముల్లా నస్రుద్దీన్ పిల్లి. ఈ కథ పదమూడవ శతాబ్దపు రూమీ కవి మస్నవీలోను, ముల్లా పేరు లేకుండ, కలదు. ముల్లాగారు శేరు మాంసము తెచ్చి ఇంట నిచ్చెను. భార్య దానిని వండి చుట్టములకు పెట్టి, పిల్లి తినిపోయినదని చెప్పెను. ముల్లాగారు కోపింపలేదు, కేకలు వేయలేదు. త్రాసు తెచ్చి పిల్లిని తూచెను. సరిగా శేరు తూగెను. "ఇది మాంసమైతే పిల్లి ఏదీ? ఇది పిల్లి అయితే మాంసమేదీ?" అని అడిగెను.

పదార్థము మాయమై పోదను సూత్రమును లవోయిజియే పద్దెనిమిదవ శతాబ్దమున త్రాసు సహాయముతోనే స్థాపించెను. ముల్లాగారి వంటగదిలో జరిగినది ఆ లెక్కయే. కాని ఒక మెలిక కలదు. పిల్లి రెండు శేర్లు తూగియుండినచో దాని నేరము ఋజువైనట్లా? కాదు. తినకముందు పిల్లి బరువెంతో తెలియవలెను. త్రాసు ఆ పిల్లిని నిర్దోషియని చెప్పగలిగెను గాని, ఒక్కసారి తూచి ఏ పిల్లినైనను దోషియని చెప్పజాలదు. మన ప్రయోగశాలలో కొందరు మిత్రులు ఖాళీ పాత్రను ముందు తూచుట మరచిపోవుచుందురు. వారు ఈ పిల్లిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇట్టి హాస్యము కథలకే పరిమితము కాదు. రేపల్లె నుండి తెనాలి వచ్చు బండిలో ఒకడు తైలము అమ్ముచు, పక్షము రోజులు పూసుకొన్నచో రెండంగుళముల పొడవు పెరుగుదురని చెప్పుచుండెను. మనవాడొకడు వ్రేళ్ళు లెక్కించి, "బాబాయ్, ఏడాదికి 24 పక్షాలు, 48 అంగుళాలు. నాలుగడుగులు పెరిగినవాడు ఈ బండిలో పట్టడు గదా?" అనెను. తైలమువాడు తడుముకొనలేదు. "ఏడాది పొడవునా ఎవరు కొంటారు బాబూ!" అనెను. పెట్టె అంతయు నవ్వెను, వాడును నవ్వెను. దెబ్బ మాటకు తగిలినది గాని మనిషికి తగులలేదు.

1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు గారు భౌతికశాస్త్రము చదివినవారు. 1952 నుండి 1980లో మరణించువరకు చందమామను తీర్చిదిద్దిరి. ఆయన కథలలో బిగ్గరగా నవ్వరు. పాత్ర చెప్పుకొన్న గొప్పను, చేసిన పనిని ప్రక్కప్రక్కన నిలిపి ఊరకుందురు. ఇదియు తూచుటయే.

ఇక మన తరగతులలోని నవ్వు సంగతి. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థి యొకడు భౌతికశాస్త్ర తరగతిలో లేచి, "సార్, చంద్రుడు ఎందుకు కింద పడదు?" అని అడిగెను. 'పడదు' అనినందుకు తరగతి ఘొల్లున నవ్వెను. అతడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మరల లేవలేదు. ఆ నవ్వు దేనిని తూచినది? క్రియాపదము చివరి అక్షరమును మాత్రమే. ప్రశ్న త్రాసు నెక్కనే లేదు.

ఆ ప్రశ్న న్యూటనును వేధించిన ప్రశ్నయే. దానికి సమాధానము ఈ పత్రికా ముఖమున అతనికి చెప్పుచున్నాము. చంద్రుడు పడుచునే యున్నాడు. ప్రతి సెకనునకు భూమివైపు సుమారు 1.4 మిల్లీమీటర్లు పడుచున్నాడు. అదే సెకనులో ప్రక్కకు సుమారు ఒక కిలోమీటరు సాగిపోవుచున్నాడు. ఎంత పడినను, ప్రక్కకు సాగుట వలన, భూమిని తాకక చుట్టుచున్నాడు. కావున ఆనాడు నవ్వదలచినవారికి తగిన అవకాశము లేకపోలేదు. "పడదు కాదు, పడడు కాదు, పడుచునే యున్నాడు" అని యుండవచ్చును.